ఒక కాలే వాచిందా? ముందు టేపు తీయండి

ఈ నెల వచ్చిన కవర్లు, మెయిళ్ళు ఒక కుప్పగా పోసి చూస్తే సగం ఉత్తరాల్లో ఒకటే మాట, ‘ఒక పక్కే వాచింది’ అని. ఒకరికి కాలు, ఒకరికి చెయ్యి, ఒకరికి దవడ, ఒకాయనకైతే ఏకంగా కుడి సగం. అందుకని షుగరు, గ్యాసు, జుట్టు రాలడం ఉత్తరాలన్నీ వచ్చే నెలకి తోసేసి ఈసారి వీటితోనే కూర్చున్నాను. జవాబుల్లోకి వెళ్ళే ముందు ఒక్క ముక్క. రెండు కాళ్ళూ సమానంగా వాస్తే నా అనుమానం గుండె, కిడ్నీ, లివరు, రక్తహీనత, వాడే మాత్రలు, వీటి మీదకి పోతుంది, ఎందుకంటే ఇవి చెడితే ఒళ్ళంతటికీ చెడతాయి, ఎడమ కాలిని ఒక్కదాన్నే ఏరుకోవు. ఒక పక్కే వాస్తే మాత్రం ఆ పక్క ఏదో అడ్డుపడిందనో, అక్కడే ఏదో రగులుతోందనో వెతుకుతాను. ఈ లెక్క తప్పే సందర్భాలూ ఉన్నాయి, ఒకటి ఈ పేజీల్లోనే ఉంది.

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మకి 61 ఏళ్ళు. డాలస్‌లో తమ్ముడి దగ్గర 5 నెలలుండి పోయిన ఆదివారం వచ్చింది. దిగిన మూడో రోజు నుంచి ఎడమ పిక్క గట్టిగా అయింది, చీలమండ ఎముక కనపడటం లేదు. కుడి కాలు మామూలుగానే ఉంది. నొప్పి పెద్దగా లేదు, బరువుగా ఉందంటోంది. మా పెద్దమ్మ అది వాతమని నువ్వుల నూనె వెచ్చబెట్టి రెండు పూటలా మర్దన చేస్తోంది. ప్రయాణం బడలిక, అదే పోతుంది అంటున్నారు అందరూ. ఇంకెన్నాళ్ళు చూడొచ్చు? — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఒక్క రోజు కూడా చూడొద్దమ్మా. పత్రికలో అచ్చయ్యేదాకా ఆగే సంగతి కాదు కాబట్టి మీ మెయిల్ చదివిన గంటలోనే ఆఫీసు వాళ్ళ చేత మీకు ఫోన్ చేయించాను. మిగతా పాఠకుల కోసం, మీరు సరేనన్నారు కాబట్టి, జరిగింది చెబుతున్నాను. ఆ సాయంత్రమే డాప్లర్ స్కాన్ తీశారు. మోకాలి వెనక సిర నుంచి తొడ మధ్య దాకా లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. దీన్నే డీవీటీ అంటారు. అమ్మగారిని ఆసుపత్రిలో ఉంచి ఇంజెక్షన్లిచ్చి, తరవాత మాత్రల మీద ఇంటికి పంపారు, ఇప్పుడు నడుస్తున్నారు.

కాళ్ళలోని రక్తం గుండెకి చేరాలంటే కింద నుంచి పైకి ఎక్కాలి. దాన్ని ఎక్కించేది పిక్క కండ. అడుగేసినప్పుడల్లా అది బిగుసుకుని లోపలి సిరల్ని పిండుతుంది, ఊళ్ళో చేతిపంపు కొట్టినట్టే. మరి 22 గంటలు మోకాళ్ళు మడిచి కూర్చుని, పక్క సీటు వాళ్ళని లేపడం మొహమాటమై బాత్రూముకి పోకుండా, పోవాల్సివస్తుందేమోనని నీళ్ళే తాగకుండా (మన పెద్దవాళ్ళు విమానంలో చేసేది సరిగ్గా ఇదే, మా అమ్మతో సహా) వస్తే పంపు ఆగిపోతుంది. రక్తం ఎందుకు గడ్డకడుతుందంటే మాకు కాలేజీలో మూడు కారణాలు వల్లె వేయించేవాళ్ళు, 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరు మీద: రక్తం కదలకుండా నిలవుండటం, నాళం గోడకి దెబ్బ తగలడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. మీ అమ్మగారికి మొదటిది సరిపోయింది.

అలాగని విమానమంటే బెదిరిపోనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశీలనలో 4 గంటలు దాటిన ప్రయాణం తరవాత ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని తేలింది, కానీ ఆ రెట్టింపు తరవాత కూడా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది సుమారు 6 వేల మందిలో ఒకరికి. పైగా ఇది విమానం సొంత ఆస్తేమీ కాదు, బస్సయినా కారయినా రైలయినా అంతసేపు కదలకుండా కూర్చుంటే అంతే. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం, కూర్చున్నచోటే మడమలు నేలకి ఆనించి వేళ్ళు పైకి లేపి దించడం, నీళ్ళు తాగడం చాలు చాలామందికి. ఇంతకుముందు ఒకసారి గడ్డకట్టినవాళ్ళు, కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళు, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్ళు టికెట్ కొనకముందే డాక్టరుని కలవాలి.

నొప్పి పెద్దగా లేదన్నారు చూడండి, అక్కడే మోసపోతారు జనం. గడ్డ ఉన్నా కాలు నొప్పి లేకపోవచ్చు. అసలు భయం కాలి గురించి కూడా కాదు. ఆ గడ్డలోంచి ఒక ముక్క ఊడి, రక్తంతో పాటు పైకి పోయి ఊపిరితిత్తుల నాళంలో ఇరుక్కుంటే మనిషి నిమిషాల్లో పోవచ్చు. కాలు వాచినవాళ్ళకి ఉన్నట్టుండి ఆయాసం రావడం, గాలి పీల్చినప్పుడు ఛాతీలో పొడవడం, దగ్గులో రక్తం పడటం, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి, ఆటో కోసం చూడకూడదు. ఇప్పుడు మీ పెద్దమ్మ గారి మర్దన సంగతి. ఆవిడ ప్రేమని నేనేమీ అనను, కానీ గడ్డ ఉందేమోనన్న అనుమానం ఉన్న పిక్కని రెండు పూటలా పిసకడమంటే ఆ ముక్కని మనమే ఊడగొట్టి పంపడం. స్కాన్ అయ్యేదాకా ఒక పక్కే వాచిన కాలికి మర్దన వద్దు, కాపడం వద్దు, బిగించి కట్టు కట్టడం వద్దు.

ఇంట్లో ఏం చూడొచ్చని అడిగేవాళ్ళకి: నా టేబుల్ సొరుగులో స్టెతస్కోపు పక్కన ఒక టైలర్ టేపు ఉంటుంది. పసుపు రంగుది, ఏళ్ళ తరబడి వాడి మొదటి రెండంకెలు చెరిగిపోయాయి, అందుకని 10 దగ్గర నుంచి మొదలుపెట్టి తీసేసుకుంటాను. మోకాలి చిప్ప కింద ఎముక చిన్న బొడిపెలా చేతికి తగులుతుంది. అక్కడి నుంచి 10 సెంటీమీటర్లు కిందకి కొలిచి పెన్నుతో గీత పెట్టి, ఆ గీత దగ్గర రెండు పిక్కల చుట్టుకొలతా తీస్తాను. రెండింటికీ 3 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే మేం దాన్ని గట్టిగా పట్టించుకుంటాం. కంటితో చూసి ‘కొంచెం వాచినట్టుంది’ అనుకోవడం వేరు, 38, 34 అని కాగితం మీద కనిపించడం వేరు. అంకె చూశాక ఎవరూ బడలిక అనరు. అయితే తేడా తక్కువుందని నిశ్చింతగా ఉండమని కాదు, కొత్తగా ఒక కాలు వాచిందంటే డాక్టరుకి చూపించాల్సిందే.

ఎడమ కాలే ఎందుకు అని మీ తమ్ముడు ఫోన్లో అడిగారట. ఇంజనీరు కదా, పైపుల భాషలో చెబుతాను. పొత్తికడుపులో కుడి కాలికి వెళ్ళే ధమని, ఎడమ కాలి నుంచి వచ్చే సిర మీదుగా అడ్డంగా పోతుంది. దాని కింద ఆ సిర కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది, కొందరిలో బాగా. గర్భిణుల్లో అయితే ఈ గడ్డలు ఎక్కువగా ఎడమ కాలికే వస్తాయి. గర్భం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. కాన్పు తరవాత 6 వారాలు గడ్డకట్టే ముప్పు ఎక్కువగా ఉండే కాలం, ఆ 6 వారాలే మనం బాలింతని మంచం దిగనివ్వం, నీళ్ళు ఎక్కువ తాగితే ఒళ్ళు నీరెక్కుతుందని గ్లాసు లాక్కుంటాం. సిజేరియన్ అయిన అమ్మాయికి ఇది రెండింతలు చెడు. అలాగే తిరుమల వెళ్ళాలనో ఇంట్లో వ్రతముందనో నెలసరి వాయిదాకి వేసుకునే మాత్రలు: వాటిలో ఉండే నోరెథిస్టిరాన్, వాయిదాకి వేసుకునే మోతాదులో, ఒంట్లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారి గడ్డకట్టే గుణం పెంచుతుంది. మందుల షాపులో అడిగి కొనేసుకునే సరుకు కాదది, ముఖ్యంగా ఒకసారి గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకి, ఇంట్లో రక్త సంబంధీకులకి ఉన్నవాళ్ళకి.

ఇప్పుడు అమ్మగారు వాడుతున్న మాత్రలు గడ్డని కరిగించవు, పెరగకుండా ఆపుతాయి, కరిగించుకునే పని ఒళ్ళు చూసుకుంటుంది. కనీసం 3 నెలలు. వాపు తగ్గింది కదా అని నెలకే మానేసి, ఆరోవారం ఆయాసంతో తిరిగొచ్చినవాళ్ళని చూశాను. పాతరకం మాత్ర వార్ఫరిన్ ఇచ్చి ఉంటే, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష 2కీ 3కీ మధ్య ఉండేలా చూస్తారు, గోంగూర, తోటకూర, పాలకూర మానక్కర్లేదు కానీ ఒకవారం రోజూ తిని ఒకవారం అసలు ముట్టకపోవడం లాంటివి చేయొద్దు, ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందుకి ఎదురు పనిచేస్తుంది. కొత్తరకం మాత్రలైతే ఈ గొడవ లేదు. ఏదైనా సరే, మోకాళ్ళ నొప్పికని పెయిన్‌కిల్లర్ మీరే కొని ఇవ్వకండి, రక్తస్రావమవుతుంది.

వాచిన పిక్కలన్నీ గడ్డలే కావు. మోకీళ్ళు అరిగినవాళ్ళకి మోకాలి వెనక నీటితిత్తి తయారై అది పగిలి పిక్కలోకి దిగినా అచ్చం ఇలాగే ఉంటుంది. కండ చిరిగినా, చర్మం కింద ఇన్ఫెక్షన్ పాకినా అంతే. చూసి తేల్చడం మాకే కష్టం, స్కాన్ చెబుతుంది.

ప్రశ్న: నాకు 47. రాత్రి వాచ్‌మన్ డ్యూటీ, పగలు పడుకుంటా. రెండు నెలల సంది నిద్ర లేచేసరికి కుడి కన్ను కింద, కుడి చెయ్యి, కుడి తొడ, మొత్తం కుడి సగం ఉబ్బి ఉంటుంది. సాయంత్రానికి అది తగ్గి రెండు పాదాలూ నిండుతాయి. పక్షవాతం వస్తుందేమోనని భయపడి తలకి ఎంఆర్ఐ తీయించుకున్నా, నార్మల్ అన్నారు. మూత్రం నురగ వస్తోంది, దానికీ దీనికీ సంబంధం ఉంటుందా? — ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: లెక్క తప్పే సందర్భం అన్నానే, అది మీదే. మీరు అసలు సంగతి ఉత్తరం చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. దానికీ దీనికీ సంబంధమే కాదు, నాకు కనిపిస్తున్నంతలో అదే కారణం.

మీరు కుడి పక్కకి తిరిగి పడుకుంటారా? రేపు ఎడమ పక్కకి తిరిగి పడుకోండి, రెండు రోజులు. వాపు ఎడమకి మారితే మీది కుడి పక్క జబ్బు కాదు, ఒళ్ళంతా ఉన్న నీరు ఎటు పల్లముంటే అటు జారుతోంది. పడుకున్నప్పుడు పక్కకి, నిలబడితే పాదాలకి. నురగ మూత్రమంటే ప్రోటీన్ పోతోందేమో చూడాలి. కిడ్నీలోని జల్లెడ పాడై రోజుకి మూడున్నర గ్రాముల పైన ప్రోటీన్ పోతుంటే దాన్ని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు, కళ్ళ కింద ఉబ్బుతో మొదలవడం దానికి మామూలే. ఉదయపు మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, ఆల్బుమిన్, షుగరు, బీపీ చూపించుకోండి. ఎంఆర్ఐకి పెట్టిన డబ్బులో ఈ పరీక్షల ఖర్చు ఏ మూలకీ రాదు. తలకి ఎందుకు తీశారని నేను వాళ్ళని తప్పుపట్టను, మీరు వెళ్ళి పక్షవాతం అనే అడిగి ఉంటారు.

పక్షవాతం వాపుతో మొదలవదు. వచ్చిన తరవాత, కదలని చెయ్యి వేలాడుతూ ఉండి అరచెయ్యి, వేళ్ళు వాస్తాయి, అది వేరే కథ, అలాంటి చేతిని దిండు మీద ఎత్తి పెట్టి రోజూ కదిలించాలి. కానీ ఒక పొరపాటు తరచుగా చూస్తుంటాను. ‘ముఖం ఒక పక్క వాచింది’ అని తీసుకొస్తారు, చూస్తే వాపు ఏమీ లేదు, ఒక పక్క కండలు పడిపోయి మూతి రెండో పక్కకి లాగేసి ఆ బుగ్గ లావుగా కనిపిస్తోంది. నవ్వమనండి, చేతులు రెండూ చాపమనండి, ఒక మాట చెప్పమనండి. నవ్వు వంకరపోయినా, చెయ్యి కిందకి జారినా, మాట ముద్దగా వచ్చినా పరుగెత్తాలి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు.

ఇంకో సంగతి, ప్రోటీన్ ఇలా పోయేవాళ్ళకి రక్తం గడ్డకట్టకుండా చూసే పదార్థాలు కూడా మూత్రంలో పోతాయి. కాబట్టి ఏ రోజైనా ఒక కాలు రెండోదానికంటే మరీ ఎక్కువ వాచి, సాయంత్రానికీ తగ్గకపోతే తెనాలి అమ్మగారికి రాసినదంతా మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: నాకు 39 ఏళ్ళు, చేపల చెరువుల మీద పని. రెండు మూడు నెలలకోసారి వణుకుతో చలిజ్వరం వస్తుంది, కుడి గజ్జల్లో బిళ్ళ కడుతుంది, కాలు ఎర్రగా కాలిపోతున్నట్టుంటుంది. నాలుగైదు రోజులకి తగ్గుతుంది కానీ తగ్గిన ప్రతిసారీ కాలు కొంచెం లావు మిగిలిపోతోంది. మా తాతకి బోదకాలు ఉండేది. అది వంశపారంపర్యంగా వచ్చిందా? — ఒక పాఠకుడు, భీమవరం దగ్గర

జవాబు: వంశం కాదండీ, వీధి. తాత నిద్రపోయిన అరుగు దగ్గరే మీరూ నిద్రపోయారు, ఆ మురుగుకాలవ దోమలే మిమ్మల్నీ కుట్టాయి. బోదకాలు క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే దారంలాంటి సన్నని పురుగుల వల్ల వస్తుంది. ఆ దోమకి డెంగీ దోమలా మంచినీళ్ళు అక్కర్లేదు, మురుగు, సెప్టిక్ ట్యాంకు అయితే ఇష్టం. దోమకీ దీనికీ సంబంధం ఉందని 1877లోనే పాట్రిక్ మాన్సన్ అనే ఆయన చైనాలో కనిపెట్టాడు. మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పింది 1897లో, అంటే మరో 20 ఏళ్ళకి, ఆ రాస్‌ని దోమల వెంట పడమని ప్రోత్సహించింది ఈ మాన్సనే. ఇంత పాత జబ్బు, గోదావరి జిల్లాల వాళ్ళకి కొత్తగా చెప్పాల్సిన పని లేదు, ఫైలేరియా మీద శిక్షణకి కేంద్రం రాజమండ్రిలో ఒక సంస్థ పెట్టిందంటే ఊరికే కాదు.

ఆ పురుగులు శోషరస నాళాల్లో కాపురం పెడతాయి. ఒంట్లో రక్తనాళాలు వదిలిన నీటిని తిరిగి చేర్చే చిన్న కాలవలు అనుకోండి అవి. పురుగులు ఏళ్ళ తరబడి ఉండి, చచ్చి, ఆ కాలవల్ని పాడు చేస్తాయి. అక్కడి నుంచి నీరు సరిగ్గా లాగదు. అయితే మీకు వచ్చే చలిజ్వరం మాత్రం చాలావరకు పురుగు పని కాదు, ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి. అది బయటి నుంచి వచ్చే సూక్ష్మక్రిముల పని, దారి మీ కాలి వేళ్ళ సందు. రోజంతా చెరువు నీళ్ళలో నాని వేళ్ళ మధ్య తెల్లగా పాలిపోయి, ఒరిసిపోయి, చీలి ఉంటుంది కదా, దాని గుండా లోపలికి పోతాయి. ఆరోగ్యమైన కాలు వాటిని తరిమేస్తుంది, కాలవలు పాడైన కాలు తరమలేదు. ప్రతి దాడికీ ఇంకొన్ని కాలవలు పూడుతాయి, అందుకే తగ్గిన ప్రతిసారీ కొంచెం లావు మిగులుతోంది.

కాబట్టి మీ వైద్యంలో పెద్ద భాగం సబ్బూ నీళ్ళూ తువ్వాలూను. వినడానికి చప్పగా ఉంటుంది, చాలామంది ‘ఇంతేనా’ అని వేరే డాక్టరు దగ్గరికి పోతారు. రోజూ రాత్రి పని నుంచి రాగానే మామూలు సబ్బుతో, వేళ్ళ సందులూ చర్మం మడతలూ వదలకుండా, రుద్దకుండా కడగండి. మెత్తని పాత పంచె గుడ్డతో ప్రతి సందూ అద్ది ఆరబెట్టండి, గుడ్డ మూలని సన్నగా తిప్పి వేలికీ వేలికీ మధ్య దూర్చి తీస్తే తడి ఎంత మిగిలిందో మీకే తెలుస్తుంది. ఒరుపు ఉన్నచోట ఫంగస్ మందు. పడుకున్నప్పుడు కాలు దిండు మీద, కూర్చున్నప్పుడు మడమ ఆడిస్తూ ఉండాలి. నీళ్ళలోకి దిగేటప్పుడు బూట్లు. జ్వరం వస్తే యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెట్టాలి, కాలు చల్లగా ఎత్తులో ఉంచాలి, మర్దన చేయకూడదు, ఆ రోజుల్లో బోదకాలు పురుగుల్ని చంపే డీఈసీ మాత్రలు మొదలుపెట్టకూడదు. జ్వరాలు ఆగితే కాలు పెరగడం చాలావరకు ఆగుతుంది, తొలిదశలో అయితే కొంత వెనక్కి కూడా తగ్గుతుంది. వృషణాలకి వాపు ఉంటే, వరిబీజమంటారే అది, సిగ్గుపడి దాచకండి, దానికి ఆపరేషన్ ఉంది, చిన్నది.

రక్తపరీక్ష పగలు చేయించుకుంటే పురుగు పిల్లలు కనపడకపోవచ్చు. అవి దోమ తిరిగే వేళ చూసుకుని రాత్రి పదింటి తరవాతే పై రక్తంలోకి వస్తాయి, అందుకే ఆరోగ్య శాఖ వాళ్ళు అర్ధరాత్రి తలుపు కొట్టి వేలికి పొడిచేది. ఆ సిబ్బందిని తిట్టకండి. వాళ్ళు ఊరంతటికీ పంచే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు కూడా జబ్బు లేనివాళ్ళతో సహా అందరూ వాళ్ళ ముందే మింగాలి, దిండు కింద పెట్టి ‘వేసుకున్నాం’ అంటే మీ పిల్లలకి ఇదే ఉత్తరం రాసే పరిస్థితి వస్తుంది. గర్భిణులకి, రెండేళ్ళ లోపు పిల్లలకి, మంచాన పడ్డవాళ్ళకి ఇవ్వరు. వేసుకున్నాక కొంచెం జ్వరం, తలనొప్పి వస్తే ఒంట్లో ఉన్న పురుగు పిల్లలు చస్తున్నాయని అర్థం.

ప్రశ్న: రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషనూ రేడియేషనూ అయి రెండేళ్ళు. ఈ మధ్య ఆ పక్క చేతికి గాజులు ఎక్కడం లేదు, ఉంగరం తీయలేకపోయాను. బరువులెత్తొద్దు, పని చేయొద్దు అంటున్నారు ఇంట్లో. నిజమేనా? — ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: తల్లీ, గాజు మంచి కొలబద్ద, మీరు డాక్టరు కంటే ముందు పట్టేశారు. చంకలో బిళ్ళలు తీసేసినప్పుడు, రేడియేషన్ ఇచ్చినప్పుడు, పైన చెప్పిన కాలవలే చేతిలో తగ్గిపోతాయి. నెలల తరవాతైనా ఏళ్ళ తరవాతైనా వాపు రావచ్చు. ముందు మీ క్యాన్సర్ డాక్టరుకి చూపించండి, ఎందుకంటే కొత్తగా వచ్చిన వాపుకి జబ్బు తిరగబెట్టడమూ, సిరలో గడ్డా కారణాలు కావని తేల్చుకోవాలి. అవి కాదని తేలితే దీన్ని లింఫెడీమా అంటారు, ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకునే తేలికపాటి చేతి మసాజు (నూనె పోసి పిసికే మాలిష్ కాదు, చర్మాన్ని మాత్రమే మెల్లగా పైకి జరపడం), కొలత తీసి కుట్టే బిగుతు స్లీవు, ఈ రెండూ మీ మందులు. వీటితో ఎప్పటికీ పూర్తిగా పోకపోవచ్చు, కానీ గాజులు మళ్ళీ ఎక్కే స్థాయికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. ఉంగరం బిగుసుకుపోయి ఉంటే ఇవాళే కత్తిరించి తీయించండి, బంగారం మళ్ళీ చేయించుకోవచ్చు.

పని మానొద్దు. మెల్లమెల్లగా పెంచుకుంటూ చేసే వ్యాయామం ఈ వాపుని పెంచదని ఇప్పుడు బాగా తెలుసు, చెయ్యి కదలకపోతేనే ఇబ్బంది. కత్తిపీటతో కూరలు తరిగేటప్పుడు, గులాబీ మొక్కల దగ్గర, పొయ్యి దగ్గర గీతలూ కాలడాలూ పడకుండా చూసుకోండి. బీపీ, రక్తం తీయడం వీలైనంతవరకు రెండో చేతికి చేయమనండి. చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే చూపించాలి.

ప్రశ్న: మా బాబుకి మూడేళ్ళు. కుడి కాలు ఎడమదానికంటే లావుగా, కొంచెం పొడుగ్గా ఉంది. ప్యాంటు వేస్తే తెలుస్తోంది. నొక్కితే గుంట పడదు, నొప్పి లేదు, ఆడుకుంటాడు. పెద్దయ్యాక సర్దుకుంటుందా? — ఒక తల్లి, షార్జా

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి అది నీరు కాదమ్మా, ఆ పక్క ఎదుగుదలే ఎక్కువగా ఉంది. పిల్లల డాక్టరుకి చూపించి, కాళ్ళూ చేతులూ బుగ్గలూ నాలుకా రెండు పక్కలా పోల్చమనండి. దీన్ని ఎందుకు తేలిగ్గా తీసుకోవద్దంటున్నానంటే, ఒక పక్క ఎక్కువ ఎదిగే పిల్లల్లో కొద్దిమందికి కిడ్నీలోనూ లివర్లోనూ కణితి వచ్చే అవకాశం మిగతా పిల్లల కంటే ఎక్కువ, అందుకని ఏడెనిమిదేళ్ళు వచ్చేవరకు 3 నెలలకోసారి కడుపు అల్ట్రాసౌండ్ తీస్తూ కనిపెట్టుకుని ఉంటారు. చాలామందికి ఏమీ రాదు. వచ్చినా చిన్నగా ఉండగా దొరికితే బాగు చేయగలిగినవే. కాళ్ళ పొడవు తేడాకి చెప్పులో ఎత్తు పెట్టించడం మొదలు చాలా దారులున్నాయి, ఆర్థోపెడిక్ డాక్టరు చూసుకుంటారు.

ప్రశ్న: బీపీ మాత్ర మార్చినప్పటి నుంచి రెండు పాదాలూ వాస్తున్నాయి. మీరు ఒక పక్క వాపుల గురించి రాస్తారని విన్నాను, నాదీ చూడండి. — ఒక రిటైర్డ్ టీచరు, నల్గొండ

జవాబు: మాస్టారూ, మాత్ర పేరు అమ్లోడిపిన్ అయితే కారణం అదే కావచ్చు, మోతాదు పెరిగేకొద్దీ ఈ వాపు పెరుగుతుంది. కిడ్నీ, గుండె ఒకసారి చూసి, మోతాదు తగ్గించడమో వేరే మందు ఇవ్వడమో మీ డాక్టరు చేస్తారు. మీ అంతట మీరు మానేయొద్దు, వాపు పోయి బీపీ మిగులుతుంది.

ప్రశ్న: నవ్వకండి డాక్టరు గారూ. ఆవకాయ కలుపుకున్న ప్రతిసారీ నా ఎడమ దవడ కింద నిమ్మకాయంత ఉబ్బుతుంది, అరగంటకి పోతుంది. పెరుగన్నం తింటే అంతగా రాదు. మా ఆవిడ ఆవకాయ పడలేదంటోంది, జాడీ దాచేసింది. — ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నవ్వలేదు, కానీ మీ ఉత్తరం క్లినిక్‌లో నర్సమ్మకి చదివి వినిపించాను. పడకపోవడమైతే పెదాలో కళ్ళో ఉబ్బుతాయి, దద్దుర్లు లేస్తాయి, ప్రతిసారీ దవడ కింద ఒకే చోట నిమ్మకాయ కాయదు. దవడ కింద లాలాజలం తయారుచేసే గ్రంథి ఉంది. దాని గొట్టంలో చిన్న రాయి అడ్డుపడితే, పులుపు నాలికకి తగలగానే ఊరిన నీళ్ళు బయటికి రాలేక వెనక్కి నిండుతాయి. తిండి అయ్యాక మెల్లగా కారి ఉబ్బు తగ్గుతుంది. ఆవకాయలాంటి పులుపుకి నోరూరినంతగా పెరుగన్నానికి ఊరదు, తేడా అంతే.

నాలిక ఎత్తి అద్దంలో చూసుకోండి, నాలిక కింద ఎడమ పక్క వేలితో నిమిరితే బియ్యపుగింజలాంటిది గట్టిగా తగలొచ్చు. ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి, స్కాన్‌లో తెలుస్తుంది. చిన్న రాళ్ళు నీళ్ళు బాగా తాగుతూ, దవడ కింద నుంచి ముందుకి నొక్కుతూ ఉంటే వాటంతటవే వచ్చేస్తాయి, రానివాటిని నోట్లోంచే తీస్తారు. జ్వరం వచ్చినా, ఉబ్బు తగ్గకుండా నొప్పి పెట్టినా, నాలిక కింద చీము కనిపించినా ఆగకుండా వెళ్ళాలి. తిండితో సంబంధం లేకుండా రోజంతా ఉండే, నెలనెలా పెరిగే గడ్డ అయితే అది ఈ కథ కాదు, దానికి సూది పరీక్ష అవసరం పడొచ్చు.

జాడీ మీ ఆవిడ దగ్గరే ఉండనివ్వండి ప్రస్తుతానికి. ఆవకాయ బదులు నిమ్మచెక్క చప్పరించమని డాక్టరే చెబుతారు, నోరూరితే రాయి కదులుతుందని.